ఏడో నంబరు బస్సు రాని రోజు

ఆ ఏడాది వ్యాపారి మా ద్రాక్షను రెండుసార్లు వద్దన్నాడు. మొదటిసారి కాయ సైజు చాల్లేదన్నాడు. రెండోసారి కారణం కూడా చెప్పలేదు. లారీ గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

ఆ వారంలోనే మా బావగారు కాగితం పట్టుకొచ్చారు. ఆయన గోదాములు కట్టే కాంట్రాక్టరు. రెండెకరాల తోట తీసేసి స్థలాన్ని గోదాముకిస్తే ఇరవై ఏళ్లు అద్దె వస్తుందని, పంట మొహం చూడక్కర్లేదని ఆయన వాదన. స్థలం మా అత్తయ్య పేరున ఉంది. ఆవిడ సంతకం పెడితే చాలు.

అత్తయ్యకు అరవై ఏడేళ్లు. ఊళ్లో అందరూ కత్తెరమ్మ అంటారు. తోటలో పన్నెండు వందల పది మొదళ్లున్నాయి. పద్దెనిమిదేళ్లుగా ప్రతి మొదలుకీ కత్తిరింపులు ఆవిడ చేతిమీదే జరిగాయి. ఆవిడ కాగితాన్ని చదవలేదు. వేలితో పక్కకు జరిపింది.

"కత్తిరింపుల దాకా గడువివ్వు పెద్దోడా."

"దేనికమ్మా? మూడోసారి కూడా లారీ తిరిగి వెళ్తే చూద్దామనా?"

అప్పుడు నేను నోరు విప్పాను. బస్సులో ఎవరో వదిలేసిన పత్రికలో ఒక వార్త చదివాను. పైదేశంలో మా అంత తోట ఉన్న మొగుడూ పెళ్లాం వైన్ చేసుకుని బతుకుతున్నారని అందులో ఉంది. గుత్తి అమ్మరు కాబట్టి కాయ సైజు అడిగేవాడు లేడు. అదే చెప్పాను.

బావగారు నావైపు చూడకుండా వాళ్లమ్మతోనే అన్నారు. "విన్నావా? చిన్నకోడలు ఇంట్లో సారా బట్టీ పెడుతుందట. బోర్డు రాయించమంటావా?"

"చూడకుండా వెక్కిరించకు. చూసొచ్చాక వెక్కిరిద్దువుగాని."

"ఎవరు చూసొస్తారు?"

"నేనూ, అమ్మాయీ."

ఆయనకు నవ్వాగలేదు. "భాష రాదు. కారు లేదు. ఉన్నా ఇద్దరికీ తోలడం రాదు. ఆ తోటలు ఊళ్లకు పది కిలోమీటర్ల అవతల ఉంటాయి. ఎలా తిరుగుతారు, గాల్లోనా?"

"బస్సులుంటాయిగా బావగారూ" అన్నాను.

నేను బస్సు డిపోలో టైమ్‌కీపర్ని. అప్పటికి ఇరవై రెండేళ్ల సర్వీసు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో రాసేది నేనే, కదలకపోతే తిట్లు తినేదీ నేనే. మా ఆయన అంతసేపూ గుమ్మంలో నిలబడి విన్నారు. చివర్న, "నీళ్లు నేను పెట్టుకుంటాలెండి, మీరు వెళ్లిరండి" అని తోటలోకి వెళ్లిపోయారు. ఆయన ఏ విషయంలోనైనా అంతకంటే ఎక్కువ మాట్లాడిన గుర్తు నాకు లేదు.

*

నాకు పద్దెనిమిది రోజుల సెలవుంది. అందులో రానూ పోనూ ప్రయాణం నాలుగు రోజులు. మిగిలిన పద్నాలుగూ అక్కడ కోతలు జరిగే రోజుల్లో పడేలా చూసుకున్నాను.

ముప్పై ఒక్క తోటలకు ఉత్తరాలు రాశాను. ఫోన్‌లో తెలుగు మాట్లాడితే అది వాళ్ల భాషలోకి మార్చి పెట్టేది. తొమ్మిది మంది జవాబిచ్చారు. అందులో ముగ్గురు ఒకే ముక్క అడిగారు: కారు ఎక్కడ నుంచి తెస్తున్నారు? కారు లేదు, నడిచి వస్తామని రాశాక వాళ్లు మళ్లీ పలకలేదు.

మిగిలింది ఆరు. ఆదివారం మధ్యాహ్నాలు నేను వంటింటి బల్ల మీద ఆ దేశపు బస్సుల పట్టికలు పరిచి కూర్చునేదాన్ని. తోటలకు పన్నెండు నుంచి రెండు దాకా తలుపులు మూస్తారు. బస్సులు ఉదయం రెండు, సాయంత్రం రెండు. ఆదివారం ఒక్కటీ లేదు. తోట తెరిచినప్పుడు బస్సుండదు, బస్సున్నప్పుడు తోట మూసి ఉంటుంది. రెండూ కలిసే గంటలు వెతకాలి. చివరికి ఒక చిన్న ఊరు దొరికింది. రైలు దిగితే స్టేషను ముందే ఏడో నంబరు బస్సు ఆగుతుంది. అది కొండల చుట్టూ తిరిగి మళ్లీ స్టేషనుకే వస్తుంది. ఆరు తోటల్లో నాలుగు ఆ దారిలోనే ఉన్నాయి.

అత్తయ్య బల్ల ఎదురుగా కూర్చుని నా పెన్సిల్‌ను చూసేది.

"వాళ్లకు ఎన్నెకరాలు?"

"ఒకరికి ఎనిమిది, ఒకరికి ఆరు, ఒకరికి..."

"పదికి పైన ఉన్నవాళ్లను కొట్టెయ్. ఏనుగును చూసి ఎలుక ఏం నేర్చుకుంటుంది?"

ఆవిడ ప్రశ్నలు మూడే. తోట ఎంత, చేతులెన్ని, కత్తిరింపులు ఎవరు చేస్తారు. ఆ ఊళ్లో యాత్రికుల ఆఫీసులో పనిచేసే ఒకావిడ నా ఉత్తరానికి జవాబిచ్చింది. కొండల్లో తోటల దగ్గర ఫోన్‌కు సిగ్నల్ అందదని చెప్పింది. ఆవిడ చేత వాక్యాలు దిద్దించుకుని నాలుగు కార్డులు చేశాను. మొదటిది: మాకు మీ భాష రాదు, బస్సులో వచ్చాం. రెండోది: మాకు రెండెకరాల ద్రాక్ష ఉంది, తాగడానికి కాదు, నేర్చుకోవడానికి వచ్చాం. మూడోదాని మీద అత్తయ్య మూడు ప్రశ్నలు. నాలుగోది: తిరుగు బస్సు ఎక్కడ ఆగుతుంది? డిపోలో పాసులకు ప్లాస్టిక్ అతికించే మిషను ఉంది. కార్డులకూ అందులోనే అతికించాను.

బయల్దేరే రోజు బావగారు స్టేషనుకు వచ్చారు. సామాను ఆయనే మోశారు. "అమ్మ మోకాళ్లు జాగ్రత్త" అని నాకు, "కత్తిరింపుల దాకానే" అని వాళ్లమ్మకు చెప్పి వెళ్లిపోయారు.

*

మొదటి తోటలో గాజు గది ఉంది. గదిలో ఆరు గ్లాసులు వరసగా పెట్టారు. పక్కన ఒక డబ్బా. ఆతిథ్యమిచ్చే అమ్మాయి చేత్తో తాళం తిప్పినట్టు చూపించి కారెక్కడ అంది. నేను కార్డు తీసేలోపు అత్తయ్య తన చెప్పులు చూపించింది. ఆ తర్వాత సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. అది నాలుగోది. వచ్చి కూర్చోకముందే తిరుగు బస్సు అడిగితే పాపం ఆ అమ్మాయి ఏమనుకుందో, వెనక్కి తిరిగి గోడమీద బొమ్మలన్నీ సరిచేసింది.

ఒక్కో గ్లాసూ నోట్లో తిప్పి డబ్బాలో ఉమ్మాలి. నేను ఉమ్మాను. అత్తయ్య మింగింది.

"ఉమ్మాలత్తయ్యా. అదే ఇక్కడి పద్ధతి."

"ఇంటికి పిలిచి ఇచ్చినదాన్ని వాళ్ల కళ్లముందే ఉమ్మనా? నీకు సిగ్గు లేకపోతే నువ్వు ఉమ్ము."

ఆరూ మింగింది. బస్టాపులో స్తంభం పట్టుకుని నిలబడి, "ఈ దేశంలో నేల కొంచెం వాలుగా ఉందేమిటే" అంది.

వాళ్ల ఎనిమిది మన ఎనిమిది కాదని మూడో కార్డుకు జవాబు రాసిచ్చినప్పుడు తెలిసింది. వాళ్లది హెక్టార్ల లెక్క. ఎనిమిదంటే ఇరవై ఎకరాలు. పనివాళ్లు పద్నాలుగు మంది. నేను నోట్‌బుక్కులో ఆ పేరు కొట్టేశాను.

రెండో తోట అన్నదమ్ములది. పీపాలు చూపించారు, సీసాల మీద అంటించే కాగితాలు చూపించారు. కత్తిరింపులు ఎవరు చేస్తారన్న ప్రశ్నకు పెద్దాయన భుజాలెగరేశాడు. ఏడాదికోసారి ఒక ముఠా వచ్చి చేసి పోతుందట.

"కనేది వీళ్లు, పెంచేది కూలీవాళ్లు" అంది అత్తయ్య. "పద."

ఆ రాత్రి గదిలో ఆవిడ మోకాళ్లకు నూనె రాస్తుంటే నా చేతులు ఆగలేదు గానీ మనసు ఆగిపోయింది. ఇంకా రెండు తోటలే మిగిలాయి. ఉత్త చేతులతో వెళ్తే బావగారి కాగితం బల్లమీదే ఉంటుంది. నేను చెప్పబట్టే ఆవిడ ఇంతదూరం నడిచింది.

"ఇంకో రెండున్నాయి" అన్నాను.

"ఉన్నాయిగా. మరి ఏడుపెందుకు?"

"ఏడవడం లేదు."

"అయితే ఎడమకాలు కూడా రాయి."

*

మూడో తోటకు పదిగంటలకు రమ్మన్నారు. ఎనిమిదీ నలభైకి ఏడో నంబరు స్టేషను దగ్గర కదలాలి. మేం ఎనిమిదిన్నరకే నిలబడ్డాం. ఎనిమిదీ నలభై దాటింది. తొమ్మిదయింది. రోడ్డు మీద ఒక కుక్క, ఒక ట్రాక్టరు తప్ప ఏమీ పోలేదు.

స్తంభం మీద పట్టికను మళ్లీ చూశాను. ఎనిమిదీ నలభై పైన చిన్న అక్షరం ఒకటి ఉంది. కింద, నువ్వుగింజంత అక్షరాల్లో, దానికి అర్థం. ఫోన్ దాని మీద పెట్టాను. బడి ఉన్న రోజుల్లో మాత్రమే. స్టేషను ఎదురుగా ఉన్న బడి తలుపుకు తాళం ఉంది. కోతలకని ఆ వారం సెలవులిచ్చారు. తొలి బస్సు ఏడింటికే పోయింది, తర్వాతవి సాయంత్రమే.

నేనూ మా పట్టికల్లో అదే చేస్తాను. కాలేజీ బస్సు పక్కన చుక్క పెట్టి, కింద చీమతల అక్షరాల్లో సంగతి రాస్తాను. ఆ చుక్క చూడకుండా వచ్చి కేకలేసేవాళ్లకు, కళ్లెక్కడ పెట్టుకున్నారని ఇరవై రెండేళ్లుగా చెబుతూనే ఉన్నాను.

అత్తయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ సంచి భుజాన వేసుకుంది. ఆ తర్వాత, "డిపోలో ఎవరికీ చెప్పన్లే" అంది. "ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లు."

"రోడ్డు ఉంది కదా."

నడిచాం. మూడుచోట్ల కూర్చున్నాం. పన్నెండూ పదికి గేటు ముందుకు చేరాం. గేటు మూసి ఉంది. రెండు దాకా తెరవరు. గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, ఇంకో చిన్న తోట ఉంది. నా జాబితాలో లేని తోట. అందులో ముగ్గురు కోత కోస్తున్నారు. ఒకాయన, ఆయన భార్య, మెడకు తువ్వాలు చుట్టుకున్న ఒక ముసలాయన. భోజనాల వేళయినా చేతులు ఆపడం లేదు. ఎందుకో తెలుసుకోవడానికి భాష అక్కర్లేకపోయింది. పడమట మబ్బు పట్టింది.

నేను మొదటి రెండు కార్డులూ ఇచ్చాను. తోటాయన చదివాడు. మబ్బు చూపించాడు, కోయాల్సిన సాళ్లు చూపించాడు, రెండు చేతులూ జోడించి రోడ్డు వైపు చూపించాడు.

"వెళ్లమంటున్నాడు" అన్నాను.

"నాకూ కళ్లున్నాయి." అత్తయ్య సంచి దింపి, గుడ్డలో చుట్టిన తన కత్తెర తీసింది. ఖాళీ ట్రే ఒకటి కాలితో జరుపుకుని సాలు మొదట్లో కూర్చుంది. ఆయన ఇంకేదో అనబోయి, మళ్లీ మబ్బు చూసి, తన సాలుకు వెళ్లిపోయాడు.

అక్కడ ద్రాక్షకు పందిరి లేదు. తీగలు నడుమెత్తున తీగకంచె మీద పాకి ఉన్నాయి. మోకాళ్లకు ఇబ్బంది లేదని అత్తయ్య మురిసిపోయింది. ఇంటి దగ్గర కోసినట్టే కోసింది. గుత్తిని కాడ పట్టుకునే ఎత్తాలి, కాయకు వేలు తగలకూడదు, తగిలితే పైనున్న పొడి పోయి వ్యాపారి ధర తగ్గిస్తాడు. చిన్న కాయలు, నలిగిన కాయలు కత్తెర మొనతో ఒక్కోటీ తీసేయాలి. గుత్తిమీద గుత్తి పడకుండా ఒక్క వరసే పేర్చాలి. నేను ఆకులు పరిచి ఇస్తున్నాను. ఇద్దరం ఒక ట్రే నింపేసరికి ముసలాయన ఒక్కడే ఐదు నింపాడు.

తోటాయన వచ్చి మా ట్రేలోకి చూశాడు. భార్యను పిలిచాడు. ఆవిడ వచ్చి చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఆయన మా గుత్తి ఒకటి తీసుకుని తన ట్రేలోకి విసిరాడు. కాయలు చిట్లాయి.

"ఓరి నీ చేతులు పడ! పండును అలా విసురుతావా?" అంది అత్తయ్య. తెలుగులోనే అంది. ఆయనకు పూర్తిగా అర్థమైంది. నవ్వి, ఒక కాయ తెంచి ఆవిడ అరచేతిలో పెట్టాడు.

శనగగింజంత ఉంది. అత్తయ్య చిదిమింది. తోలు మందం, గింజలు మూడు, రసం రెండు చుక్కలు. ఆ చుక్కలు నాకింది. మళ్లీ ఇంకో కాయ తెంచి నాకింది. తర్వాత నా ఫోన్ అడిగి, మా పందిరి, మా గుత్తులు ఉన్న ఫొటో ఆయన ముందుపెట్టింది.

ఆయన చాలాసేపు చూశాడు. కాయను చూపించి, నీళ్లసీసా చూపించాడు. తల అడ్డంగా ఊపాడు.

నాకు మూడో కార్డు తీయాలనిపించలేదు. మా ద్రాక్షలో ఉన్నది నీళ్లు. వైన్ కాదు. ముప్పై ఒక్క ఉత్తరాలు రాసి, ఆరు కిలోమీటర్లు నడిచి నేను తెలుసుకున్నది అది. బావగారు మాత్రం కుర్చీలోంచి లేవకుండానే చెప్పారు.

అత్తయ్య మాత్రం ఆయన మొహంలోకే చూస్తోంది. "వేర్లు?" అంది నేల చూపించి. "వేర్లు బాగున్నాయి. పద్దెనిమిదేళ్లవి." పదివేళ్లు, మళ్లీ ఎనిమిది వేళ్లు చూపించింది.

ఆయన చేత్తో రమ్మన్నాడు. చివరి సాలులో మొదళ్లు తొడంత లావున ఉన్నాయి. మోకాలెత్తున ప్రతిదానికీ ఒక బుడిపె. బుడిపె కింద బెరడు ఒక తీరు, పైన ఇంకో తీరు. ఆయన చేతిని రంపంలా ఆడించాడు. రెండు వేళ్లు కలిపి, చీలికలో దూర్చినట్టు చూపించాడు. తర్వాత వేళ్లు మూడు ఎత్తి, తన ట్రేలోని కాయలు చూపించాడు. మూడేళ్లకు పంట.

లేత మొక్కకు అంటు కట్టడం అత్తయ్యకు వచ్చు. మా పన్నెండు వందల పదికీ ఆవిడే కట్టింది. కానీ ముదిరిన మొదలు అంటు పట్టదని ఆవిడకు నేర్పినవాళ్లు చెప్పారు. ఆవిడ ఊళ్లో పదిమందికీ అదే చెప్పింది.

"ఎన్నేళ్లప్పుడు కోశాడో అడుగు."

నేను వేళ్లతో అడిగాను. ఆయన మూడుసార్లు పదేసి వేళ్లు చూపించాడు.

అత్తయ్య బుడిపె మీద బొటనవేలు పెట్టి చుట్టూ ఒకసారి తిప్పింది. "సరే" అంది. కత్తెర తీసుకుని తన సాలుకు వెళ్లింది. ఈసారి గుత్తులు విసిరింది.

వాన మొదలయ్యేసరికి ఆఖరి ట్రే షెడ్డులోకి చేరింది. ఆయనే తన బండిలో మమ్మల్ని స్టేషను దగ్గర దింపాడు.

"నాలుగో తోట ఎల్లుండి తొమ్మిదింటికి" అన్నాను గదికి రాగానే.

"దాన్ని కొట్టెయ్."

"అత్తయ్యా, వాళ్లు రమ్మని రాశారు. బస్సు కూడా ఉంది. చుక్క లేదు, చూశాను."

"నాలుగు ఊళ్లు చూస్తే నాలుగు కబుర్లు చెప్పొచ్చు. నాకు కబుర్లొద్దు. ఆయన దగ్గరికే రోజూ పోదాం."

ఆ విషయం మీద ఇద్దరం పోట్లాడుకున్నాం. నా పట్టిక, నా సెలవు, నా ఉత్తరాలు అన్నాను నేను. నా తోట అంది ఆవిడ. మర్నాడు ఉదయం క్షమించమని నాలుగో తోటకు రాసి, ఆయన తోటకే వెళ్లాం. మిగిలిన రోజులన్నీ తొలి బస్సులో పోవడం, కోయడం, ట్రేలు కడగడం. ఆయన పాత మొదలొకటి కోసి, చీలిక ఎంత లోతుండాలో చూపించాడు. అత్తయ్య పదకొండుసార్లు చేసి చూపిస్తే పన్నెండోసారికి తల నిలువుగా ఊపాడు. ఆయన ద్రాక్ష రకం పేరు నేను కాగితం మీద రాయించుకున్నాను. ఇంటికొచ్చాక ద్రాక్ష పరిశోధన కేంద్రానికి రాస్తే, ఆ రకం వాళ్ల దగ్గర ఒక సాలు ఉందని, అంటు కట్టడానికి పుల్లలు ఇస్తామని జవాబొచ్చింది.

*

కత్తిరింపుల రోజు ఉదయం ఏడింటికి అత్తయ్య తోటలోకి వెళ్లింది. కత్తెరతో కాదు, రంపంతో. మా ఆయన పందిరి మీద తీగలు విప్పుతుంటే ఆవిడ, నేను మొదళ్లు కోశాం. మోకాలెత్తున. ముందురోజు కోసినవాటితో కలిపి తొమ్మిదింటికి మూడు వందలు పైన అయ్యాయి. పందిరి మీద ఆకు లేని చోట ఎండ నేలమీద పడుతోంది. ఆ చోట ఎండ పడడం నేను మొదటిసారి చూశాను.

తొమ్మిదిన్నరకు బావగారు వచ్చారు. వెనక ట్రక్కు, ట్రక్కులో మొదళ్లు పెకలించే మనిషి, గొలుసులు. నరికిన సాళ్లు చూసి ఆయన మొహం తేటపడింది.

"తెలిసొచ్చింది కదా? నేను ముందే చెప్పాను. ఎందుకమ్మా నీకీ కష్టం, గొలుసు వేసి లాగితే అరపూటలో వేర్లతో సహా వచ్చేస్తాయి."

"వేర్ల జోలికి వెళ్తే నీ చేతులు విరుస్తాను" అంది అత్తయ్య రంపం ఆపకుండా.

ఆయన నావైపు చూశారు. నేను అంటు సంగతి, మూడేళ్ల సంగతి చెప్పాను. మా ద్రాక్ష వైనుకు పనికిరాదన్న మాట కూడా దాచలేదు.

"మూడేళ్లా? పంట లేకుండా? కనీసం సగమన్నా ఉంచుకోవాల్సిందమ్మా!"

"సగం ఉంచితే మిగతా సగం ఎప్పుడు తీద్దామని రోజూ పోట్లాడుకుంటాం. మూడేళ్లూ అమ్మాయి జీతం ఉంది. చిన్నోడు కూలికి పోతానన్నాడు. నిన్ను ఏమీ అడగను."

"పట్టకపోతే?"

అత్తయ్య రంపం దింపింది. అప్పుడే కోసిన మొదలు మీద నీరు ఊరి, బెరడు మీదుగా నేలకు కారుతోంది. "చెయ్యి పెట్టు" అంది. ఆయన పెట్టారు. వేళ్ల మధ్య నుంచి నీరు కారింది.

"నిన్న సాయంత్రం కోసింది కూడా ఇంకా కారుతూనే ఉంది. వారం కారాక ఆగుతుంది. అప్పుడు కడతాను. రెండు నెలల్లో చిగురు రాకపోతే నువ్వు కాగితం తే, సంతకం పెట్టేస్తాను, పెన్ను కూడా నిన్ను అడగను. వస్తే మాత్రం నువ్వు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు."

బావగారు చెయ్యి దులుపుకోలేదు. సాళ్ల వెంబడి ఆ చివరి దాకా నడిచి వెళ్లారు. వచ్చేటప్పుడు నరికి పడేసిన తీగల మధ్య కాలు పెట్టడానికి చోటు లేక, ఒక మోపు ఎత్తి పక్కన పడేశారు. ఆ తర్వాత ఇంకోటి ఎత్తారు.

ట్రక్కు మనిషి గేటు దగ్గర నిలబడి విసిగిపోయాడు. "సార్, గొలుసులు దింపమంటారా, పొమ్మంటారా?"

"గొలుసులొద్దు. ఈ తీగలన్నీ ఎక్కించి బయట పడేసి రా" అన్నారు బావగారు. చొక్కా చేతులు మడుచుకుంటూ తోట ఆ చివర దాకా ఒకసారి చూశారు. "రేపు కూడా రావాలి. ఇంకా తొమ్మిది వందలు ఉన్నాయి."